ఓక్ మేస్త్రి బుట్ట

ఆ ఆదివారం ఓక్ మేస్త్రి తన వంతు పని చెయ్యకుండానే లేచిపోయాడు. సాంగ్‌ముక్ అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే పద్ధతి. ఆదివారం పొద్దున్నే రేవు వెనక వీధిలో ఉన్న స్నానాల ఇంటికి వస్తారు. వేడినీళ్ళ తొట్టిలో ఒళ్ళు నానబెట్టుకుంటారు. తర్వాత పొట్టి పీటల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. ముందు చిన్నవాడు పెద్దవాడి వీపు రుద్దాలి. పచ్చటి గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని మెడ దగ్గర నుంచి నడుము దాకా మట్టి ఉండలు ఉండలుగా రాలేట్టు రుద్దాలి. తర్వాత పీట తిప్పుకుని కూర్చుంటే పెద్దవాడు చిన్నవాడి వీపు రుద్దుతాడు. మాట్లాడుకునేది ఏమైనా ఉంటే అప్పుడే. మొహాలు చూసుకుని ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు. వీపుతో అయితే మాట్లాడొచ్చు.

ఓడల కార్ఖానాలో సాంగ్‌ముక్‌కి వెల్డింగ్ నేర్పింది మేస్త్రే. మేస్త్రి పని మానేసి రెండేళ్ళయింది. భార్య పోయి ఆరేళ్ళు. గుట్ట మీద ఒంటిగదిలో ఉంటున్నాడు.

ఆ రోజు రుద్దుతుంటే మేస్త్రి వెన్నెముక గుడ్డకి తగిలింది.

"తింటున్నావా అన్నా?"

"తింటున్నాన్లే."

"ఏం తింటున్నావు?"

"నా పెళ్ళానివా నువ్వు? రుద్దు."

రుద్దాడు. నీళ్ళు పోశాడు. పీట తిప్పుకుని కూర్చున్నాడు. వెనక నుంచి చెయ్యి పడలేదు. తిరిగి చూస్తే మేస్త్రి తువ్వాలు చుట్టుకుంటున్నాడు.

"ఇవాళ్టికి ఒదిలెయ్‌రా. చెయ్యి లాగుతోంది."

బట్టలు వేసుకున్నాక మేస్త్రి అరలోంచి తన బుట్ట తీశాడు. వాడుకగా వచ్చేవాళ్ళు సబ్బూ గిబ్బూ వేసుకున్న ప్లాస్టిక్ బుట్టని అక్కడే వదిలి వెళ్తారు. అర మీద పేరు చీటీ ఉంటుంది. మేస్త్రిది పై అర.

"ఇది నువ్వుంచుకో."

పెద్దవాడు ఏదైనా ఇస్తే ఎందుకని అడగకూడదు. రెండు చేతులా అందుకోవాలి, తల వంచాలి. సాంగ్‌ముక్ అలాగే చేశాడు. మేస్త్రి అతని భుజం తట్టి బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

బస్సులో కూర్చున్నాక బుట్టలోకి చూశాడు. సబ్బు. షాంపూ. గరుకు గుడ్డ, ఇంకా తడిగానే ఉంది. గడ్డం గీసుకునే కత్తి. అన్నిటికన్నా అడుగున పళ్ళ బ్రష్షు.

కొత్త సబ్బు ఎవరైనా ఇస్తారు. వాడుకునే పళ్ళ బ్రష్షు ఎవరిస్తారు? రేపు పళ్ళు తోముకునే పని లేనివాడు ఇస్తాడు.

మూడేళ్ళ కిందట దూసిక్ కూడా ఇలాగే ఒక ఫ్లాస్కు ఇచ్చాడు. వాళ్ళ జట్టులోవాడే. కార్ఖానా పనిలోంచి తీసేసిన పదకొండు మందిలో ఒకడు. ఆ ఫ్లాస్కునీ రెండు చేతులా అందుకుని తల వంచాడు. నాలుగోనాడు దూసిక్ చావు కబురు వచ్చింది, తన ప్రాణం తనే తీసుకున్నాడని. ఆ చావింట్లో వచ్చినవాళ్ళకి పోసే పులుసు తాగుతూ జట్టంతా, ఒక్క మాట చెప్పి ఉంటేనా అన్నారు. ఒక్క మాట అడిగి ఉంటేనా అని ఎవరూ అనలేదు. ఆ ఫ్లాస్కులో ఇంతవరకు కాఫీ పోసింది లేదు.

సాంగ్‌ముక్ గంట నొక్కి బస్సు దిగాడు.

స్నానాల ఇంటి గల్లా దగ్గర మల్జా అక్క నారింజ ఒలుచుకుంటోంది.

"ఏం మర్చిపోయావు నాయనా?"

"మేస్త్రి ఏడక్కా?"

"ఇందాకే పోయాడు. ఇంక రాడట కదా! కొడుకు సియోల్ తీసుకుపోతున్నాడట. ఏమాటకామాటే, ఈ రోజుల్లో అంత మంచి కొడుకు ఎవరికున్నాడు?"

మేస్త్రికి కొడుకే లేడు.

గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. వారమంతా రెండు పూటల పని చేసిన ఒళ్ళు. మధ్యలో ఒక గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ ఎక్కాడు.

గది తలుపు తీసే ఉంది. మేస్త్రి మోకాళ్ళ మీద వంగి నేల తుడుస్తున్నాడు. పక్కబట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"ఏమైందిరా? ఆ రొప్పేమిటి?"

అడగాల్సిన మాట ఆ మొహం చూస్తూ అడగడం అతని వల్ల కాలేదు.

"నా వీపు రుద్దలేదు నువ్వు."

"ఏమిటీ?"

"వీపు. దురదపెడుతోంది. పద."

"మతి గానీ పోయిందా? ఇందాకే గదరా నానావు!"

"మళ్ళీ నానతాను."

"రేపు..." అనబోయి మేస్త్రి ఆగిపోయాడు.

"రాళ్ళవాన పడ్డ రోజు కూడా ఎగ్గొట్టలేదు నువ్వు. నా చేత రుద్దించుకుని నీ వంతు వచ్చేసరికి జారుకుంటే ఎట్లా? పెద్దవాడివేనా?"

ఆ మాట తగిలింది. మేస్త్రి తడిగుడ్డ బకెట్లో పడేసి లేచాడు.

మళ్ళీ అవే పీటలు. వెనక చెయ్యి కదలడం మొదలైంది. బలం లేదు. సాంగ్‌ముక్ ఎదురుగా ఉన్న కుళాయిని చూస్తూ కూర్చున్నాడు.

"అన్నా."

"ఊఁ."

"చచ్చిపోదామనుకుంటున్నావా?"

చెయ్యి ఆగింది. అవతల ఎవరో ముసలాయన చెంబుతో నీళ్ళు కుమ్మరించుకుంటున్నాడు.

"ఎవరు చెప్పారు?"

"నీ పళ్ళ బ్రష్షు."

తర్వాత చెయ్యి ఆగినచోటే మళ్ళీ కదిలింది.

"అవున్రా" అన్నాడు మేస్త్రి. ఇంకాసేపటికి, "తీసేసేవాళ్ళ చీటీలో దూసిక్ పేరు రాసింది నేనే" అన్నాడు.

"తెలుసు. జట్టందరికీ తెలుసు."

"నీకు తెలిసింది సగమే. పదకొండు పేర్లు రాయమన్నారు. పది ఎట్లాగో రాశాను. పదకొండోది నువ్వో, వాడో. నీ వీపు నాకు తెలుసు. ఎక్కడ నిప్పురవ్వ పడి కాలిందో, ఎక్కడ పుట్టుమచ్చో అన్నీ తెలుసు. వాడి వీపు ఎప్పుడూ చూళ్ళేదు. వాడి పేరు రాశాను. అంతే. ఇంకే కారణం లేదు."

సాంగ్‌ముక్‌కి ఇది తెలియదు. మూడేళ్ళుగా తను తింటున్న అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. కోపం వస్తుందేమో అని చూశాడు. రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

"వాడు నాకు ఫ్లాస్కు ఇచ్చాడన్నా. తీసుకున్నాను. ఏమీ అడగలేదు."

"అలిసిపోయాన్రా."

"నేనూ అలిసిపోయాను."

"నీకేం?"

"ఏమో. పొద్దున లేవగానే మళ్ళీ లేచానా అనిపిస్తుంది. ఎవరికీ చెప్పలేదు." ఆగి, "అన్నా, ఒక్కచోటే రుద్దుతున్నావు. తోలు ఊడొస్తోంది" అన్నాడు.

వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వో మరోటో. సాంగ్‌ముక్ తిరిగి చూడలేదు. మేస్త్రి పక్కకి జరిగి కుడి భుజం కింద నుంచి మొదలుపెట్టాడు.

బయటికి వచ్చాక ఇద్దరూ చెరో అరటిపాల డబ్బా తాగారు. సాంగ్‌ముక్ ఇంటికి ఫోన్ చేశాడు.

"మేస్త్రన్నని తీసుకొస్తున్నా. కొన్నాళ్ళు మనింట్లోనే ఉంటాడు."

"ఇప్పుడా చెప్పేది?" అంది భార్య. "కూరా లేదు, నారా లేదు. ఉన్న పులుసులో ఇంత టోఫు వేస్తా. తాగి వచ్చారో, తలుపు తియ్యను."

"తాగలేదే."

"మరి గొంతు అదోలా ఉందేం?"

"ఇంటికొచ్చి చెప్తాను."

"సరే, రండి" అంది మెల్లగా.

ఫోన్ జేబులో పెట్టుకుని మేస్త్రితో, "రేపు సెలవు పెడుతున్నా. ఆరోగ్య కేంద్రం మేడ మీద ఇలాంటివి వినేందుకు ఒకావిడ ఉంటుందట. ఇద్దరం పోదాం" అన్నాడు.

"ఆడమనిషి ముందు కూర్చుని నేనేం మాట్లాడతాన్రా?"

"మాట్లాడలేకపోతే గోడ వైపు తిరిగి కూర్చో. ముందు నేను మాట్లాడతాలే."

సాంగ్‌ముక్ బుట్టలోంచి గడ్డం కత్తి తీసి తన జేబులో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుంది." పళ్ళ బ్రష్షు మేస్త్రి చేతిలో పెట్టాడు. మేస్త్రి దాన్ని కాసేపు చూసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బుట్ట పుచ్చుకుని గల్లా దగ్గరికి నడిచాడు.

"ఇదేమిటి, సియోల్ పోలేదూ?" అంది మల్జా అక్క.

"పోవట్లేదు."

"ఎంత పని చేశావయ్యా! నీ చీటీ పీకేశాను. పై అర ఇంకొకాయనకి ఇచ్చేశాను. అన్నిటికన్నా కిందదే ఖాళీ. వచ్చినప్పుడల్లా వంగాలి మరి, నీ నడుముతో."

మేస్త్రి ఆ కింది అర వైపు చూశాడు.

"వంగుతాన్లే" అన్నాడు.