రోజ్ గాలి పీల్చినప్పుడు

మిలెనా మా పాటను ఫోనులో రికార్డు చేసి మాకే వినిపించింది. పరాయి దేశంలో మా అమ్మాయివాళ్ళుండే బిషాన్‌లో ఒక చర్చి వెనక హాలు, శనివారం సాయంత్రం. మేం పద్నాలుగు మందిమి. బల్గేరియా నుంచి వచ్చిన మిలెనా మాకు వందల ఏళ్ళనాటి చర్చి పాటలు నేర్పుతోంది. కొన్ని లాటిన్‌లో, కొన్ని పాత స్లావిక్ భాషలో. పదిమంది పాట పాడుతుంటే, నలుగురం కింద ఒకే స్వరాన్ని తంబూరాలా చివరిదాకా పట్టుకోవాలి. ఆ నలుగురిలో నేనొకదాన్ని. నా పక్కన రోజ్ అనే చైనీస్ పెద్దావిడ.

"ఇక్కడ వినండి," అంది మిలెనా. కింది స్వరం ఒక్క క్షణం తెగి, అక్కడ గొయ్యి పడింది. కాసేపటికి ఇంకొకటి. మొత్తం నాలుగు.

"కోటేశ్వరీ, రోజ్ గాలి పీల్చగానే మీరూ పీలుస్తున్నారు. పక్కవాళ్ళు పీల్చేటప్పుడు మీరు పట్టుకుని ఉండాలి. మీ వంతు వచ్చినప్పుడు మెల్లగా తప్పుకుని, మెల్లగా వచ్చి కలవాలి. వినేవాళ్ళకు తెలియకూడదు."

తెనాలిలో నలభై ఏళ్ళు భజన బృందంలో పాడాను. అక్కడ ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్ళం ఒక్కసారిగా గాలి పీల్చి ఒక్కసారిగా అందుకుంటాం. ఎవరైనా వెనకబడితే చిడతలు వాయించే తారాదేవి కళ్ళెర్రజేసేది. ఒళ్ళు అలా అలవాటు పడిపోయింది. ఇక్కడ చేరిన కొత్తలో స్వరాన్ని ఊపుతున్నాననీ, తొడమీద తాళం వేస్తున్నాననీ మిలెనా చెప్పింది. అవి మానుకున్నాను. బడికి వెళ్ళకుండా పచారీ పొట్లాల కాగితాలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని, పాట కాగితంలో నాలుగు గీతల మీద స్వరాలకు పెట్టే ఆ నల్లని చదరపు గుర్తులు కూడా అలాగే కూడబలుక్కున్నాను. ఇది మాత్రం చేతకావడం లేదు.

కచేరీ మూడు వారాల్లో ఉంది. ఈలోగా గోతులు పూడకపోతే నన్ను ప్రేక్షకుల్లో కూర్చోమంటానంది మిలెనా. మర్యాదగానే అంది. నేనే అందరూ వెళ్ళిపోయినా కుర్చీలోంచి లేవలేకపోయాను. ఎక్కడినుంచి లేచి రావాల్సి వచ్చినా నాకంతే. పిల్లలు ఆఫీసుకు బయలుదేరినా లిఫ్టు తలుపు మూసుకునేదాకా నిలబడతాను.

రాత్రి అన్నాల దగ్గర చెప్తే మా అల్లుడు చక్రధర్ నవ్వాడు. "పోనీ మానెయ్యండి అత్తయ్యా. మీరు చర్చి పాటలు పాడుతున్నారని మన తెలుగు అసోసియేషన్‌లో తెలిస్తే లేనిపోని డిస్కషన్ మళ్ళీ."

"తెలిస్తే ఏమవుద్ది బాబూ? నోములకి పిలవరు. సెనగలు తప్పుతాయి, అంతేగా."

"నేను ప్రాక్టీస్ చేయిస్తా, అమ్మమ్మా," అంది మనవరాలు మహతి. దానికి పద్నాలుగేళ్ళు.

మర్నాటినుంచి మా బ్లాకు కింద సిమెంటు బెంచీమీద ఇద్దరం కూర్చుని ఒకే స్వరం పట్టుకునేవాళ్ళం. మహతి ఆగగానే నా గొంతూ ఆగేది.

"అయ్యో అమ్మమ్మా, యూ కాపీడ్ మీ అగైన్ లా!" అనేది మహతి, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి.

పక్క బల్లమీద చదరంగం ఆడుతున్న చైనీస్ ముసలాయన తలెత్తాడు. "ఆంటీ, స్టమక్ పెయిన్ ఆ?"

"సింగింగ్, అంకుల్," అంది మహతి.

"ఓ," అని ఆయన మళ్ళీ ఆటలో పడ్డాడు. నేను మాత్రం గొంతు తగ్గించాను.

"నేను బ్రీత్ తీసుకుంటుంటే నా మొహంకేసి అలా చూస్తావేంటి? టెన్షన్‌గా," అని అడిగింది మహతి.

దానికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాను. "మీ తాతయ్య ఆస్పత్రిలో మూడు రోజులు మగతలో ఉన్నారు. ఆయన పీలిస్తే నేనూ పీల్చాను, వదిలితే వదిలాను. అలా తోడుంటే ఆయన ఊపిరి ఆగదనుకున్నాను. మూడోనాడు నర్సు కాఫీ తాగి రమ్మంది. తాగి వచ్చేసరికి అయిపోయింది."

మహతి బెంచీమీద నావైపు తిరిగి కూర్చుంది. తర్వాత, "సో, నువ్వు ఫాలో అవ్వకపోతే నేను ఆగిపోతానా?" అంది.

"ఏమోనే."

"ఆగను లా. చూడు." స్వరం అందుకుంది. నన్ను పాడొద్దని చెయ్యి అడ్డం పెట్టింది. మధ్యలో గాలి పీల్చింది, మళ్ళీ అందుకుంది, మళ్ళీ పీల్చింది. అలా పదిసార్లు చేసి చూపించింది.

రెండు వారాలయ్యాక రికార్డింగులో గొయ్యి ఒకటే మిగిలింది. మిలెనా పాడేవాళ్ళ జాబితాలో నా పేరు పక్కన ప్రశ్నగుర్తు పెట్టింది. కచేరీనాడు కూడా అది అలాగే ఉంది. "రండి, నిలబడండి," అని మాత్రం అంది.

ఆ హాల్లోనే అరవైమంది దాకా వచ్చారు. స్లావిక్ పాట మొదలైంది. పాట రెండో పాదంలోనే నా పక్కన రోజ్ భుజాలు లేచాయి, గాలి పీలుస్తోంది. నా ఛాతీ కూడా లేవబోయింది. పట్టుకున్నాను. ఆవిడ ఆగింది, నేను ఆగలేదు. ఆవిడ వచ్చి కలిసింది.

తర్వాత నా గాలి అయిపోతూ వచ్చింది. ఎప్పుడైనా తప్పుకోక తప్పదు. గొంతు మెల్లగా సన్నం చేసి, ఆపేశాను.

నేను లేకుండా ఆ స్వరాన్ని వినడం నాకదే మొదలు. రోజ్ గొంతు కొంచెం ముక్కుతో వస్తోంది. అవతలి ఇద్దరూ నిలకడగా ఉన్నారు. గొయ్యి ఎక్కడా లేదు. ఒక గుక్క గాలి పీల్చుకున్నాను. తొందర లేదనిపించింది, ఇంకో గుక్క కూడా పీల్చుకుని వెళ్ళి కలిశాను.