మేడమ్ చీటీ

మ్యూచువల్ ఫండ్ అంటే ఏమిటో బెంగళూరు పీణ్య ఫ్యాక్టరీల్లో, ఏజెంటుగా నేను చెప్పినన్నిసార్లు ఇంకెవరూ చెప్పి ఉండరు. లేత్ షాపుల్లో, ప్లేటింగ్ షెడ్లలో, మధ్యాహ్నం భోజనాల వేళ మిషన్ల రొద ఆగిన ఆ కాసేపట్లో నిలబడి చెప్పేదాన్ని. అందరి డబ్బూ పోగుచేసి చాలా కంపెనీల షేర్లు కొంటారు, మీ వాటాకు యూనిట్లు ఇస్తారు, షేర్ల ధర పెరిగితే యూనిట్ ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది, మూడు నాలుగేళ్ళలోపు అవసరమయ్యే డబ్బు ఇందులో పెట్టకండి. వాళ్ళు ముద్ద నములుతూ వినేవాళ్ళు. నా గొంతు నాకే విసుగనిపించేది.

2005 జనవరిలో ఒక షాపుకు వెళ్ళినప్పుడు, నేను చెప్పినదాన్ని వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పే పని పెద్దమునియప్ప నెత్తినేసుకున్నాడు. ఆయన అక్కడ ఫోర్‌మన్. ఏళ్ళ తరబడి ఆ షాపులో చీటీ నడిపినవాడు, ఎవరి రూపాయీ ఎగ్గొట్టని మనిషి. వయసు మీదపడి అప్పుడే చీటీ మానేశాడు. నా ఉపన్యాసమంతా విని, వాళ్ళవైపు తిరిగి, నెలనెలా కట్టేదప్పా, చీటీ మాదిరే అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చీటీ కాదు మహానుభావా అని మొత్తుకున్నాను. ఇందులో పాట ఉండదు, ఎవరి యూనిట్లు వాళ్ళవి, ఒకరు తీసుకుంటే ఇంకొకరికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు అన్నాను. అందరూ తలలూపారు. ఆయనతో కలిపి పన్నెండుమంది చేరారు. మర్నాటికల్లా దానికి మేడమ్ చీటీ అని పేరు పెట్టేశారు.

ఆ పన్నెండుమందిలో సుంకన్న ఒకడు. లేత్ మిషన్ మీద పని. నెలకు పదిహేను వందలు కట్టేవాడు, అందులో సగం అతని భార్య సొన్నమ్మ గార్మెంట్స్ ఫ్యాక్టరీ జీతంలోంచి. మాట తక్కువ మనిషి. పెద్దమునియప్ప చీటీలో ఎప్పుడూ చివరిదాకా ఆగింది తనేనని మాత్రం గర్వంగా చెప్పుకునేవాడు. చీటీలో అవసరం ఉన్నవాడు తక్కువకైనా పాడుకుని ముందే ఎత్తుకుపోతాడు, వాడు వదులుకున్నది మిగిలినవాళ్ళు పంచుకుంటారు, ఓపిక పట్టి ఆఖరున ఎత్తుకున్నవాడికి నిండు చీటీ దక్కుతుంది. సుంకన్న జీవితంలో నేర్చుకున్న ఆర్థికశాస్త్రమంతా అదే, అది అతన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు.

2008 జనవరి మొదట్లో అతని యూనిట్ల విలువ లక్ష దాటింది. అదే నెలలో, పక్క రోడ్డులో చిన్న షెడ్డు నడిపే వెంకటగిరియప్ప, కళ్ళు కనపడక షెడ్డు మూసేస్తూ, తన లేత్‌ని తొంభై వేలకు సుంకన్నకే ఇస్తానన్నాడు. ఆయుధపూజ లోపల డబ్బు ఇస్తే చాలు, అందాకా ఇంకొకరికి చూపించను కూడా అన్నాడు. సొంత మిషన్‌కి కుంకుమ పెట్టాలన్నది సుంకన్నకు ఎన్నాళ్ళ కోరికో నాకు తెలియదుగానీ, ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని మొహం చూసి నాకు కూడా సంతోషమేసింది. వెంటనే తీసేసుకో అన్నాను. ఈ ఏడే కావలసిన డబ్బు ఇందులో ఉంచకూడదు, రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు అన్నాను.

అతను చిన్నగా నవ్వాడు. "ఇంకా పదకొండుమంది ఉండారు మేడమ్. నేనెందుకు ముందే ఎత్తుకోవల్ల?"

ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. కాగితం మీద గీసి చూపించాను. అతను ఎంతో మర్యాదగా విన్నాడు, డబ్బు తియ్యలేదు. అంతకంటే చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేను కదా.

నెల తిరక్కుండానే మార్కెట్ కూలింది. వేసవిలో కాస్త లేచి మళ్ళీ పడింది. షాపులో ఒక్కొక్కరే భయపడి, కొందరు అవసరాలకు, కొందరు టీవీ చూసి, డబ్బు తీసేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ కాగితాలు నింపడానికి వెళ్ళినప్పుడల్లా సుంకన్న నన్ను పలకరించేవాడు, ఇంకా ఎంతమంది మిగిలారని అడిగేవాడు. వాళ్ళు నష్టానికి తీసుకుంటున్నారంటే అతనికి లోలోపల ధైర్యం పెరుగుతోందని నాకు తెలుసు. వాళ్ళు వదులుకున్నది నీకేమీ రాదు సుంకన్నా అని ప్రతిసారీ చెప్పాను. చెప్పీ చెప్పీ అలసిపోయాను. చివరికి ఊరికే నవ్వి స్కూటీ స్టార్ట్ చేసుకుని వచ్చేసేదాన్ని.

ఆయుధపూజకు వారం ముందు, ఆదివారం పొద్దున, రాజాజీనగర్లో మా ఇంటికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో మల్లెపూల పొట్లంతో. ముందురోజే పెద్దమునియప్ప కాగితాలు కూడా నింపాను. ఇక తనొక్కడే. సొన్నమ్మ అప్పుడే వెంకటగిరియప్ప షెడ్డులో లేత్‌ని కిరోసిన్ గుడ్డతో తుడుస్తోందట.

"ఆఖరోన్ని నేనే మేడమ్. నిండు చీటీ ఎంతొస్తాది?"

కంప్యూటర్ తెరిచి చూడక్కర్లేదు, నాకు తెలుసు. అయినా తెరిచాను, ఆ కాసేపైనా అతని మొహం చూడకుండా ఉండొచ్చని. అరవై ఆరు వేలు. కట్టినంత కూడా లేదు. నెమ్మదిగా చెప్పాను. ఇప్పుడు తీస్తే నష్టం ఖాయమవుతుంది, రెండు మూడేళ్ళు ఆగితే తిరిగి రావచ్చు అని కూడా చెప్పాను. కిరోసిన్ గుడ్డ పట్టుకున్న మనిషి అక్కడ ఎదురుచూస్తుంటే ఆ మాటకు అర్థమేముంది.

సుంకన్న మల్లెపూల పొట్లం బల్ల మీద పెట్టాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

"జనవరిలో లక్షకు పైన ఉన్నింది కదా. ఎవురెత్తుకున్నారు?"

ఎవరూ ఎత్తుకోలేదన్నాను. ధర పడిపోయింది, అంతే.

"ఎవురూ ఎత్తుకోకుండా దుడ్డు ఎట్ల పోతాది మేడమ్?"

ఇన్నేళ్ళ నా ఉపన్యాసాల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉందనే అనుకునేదాన్ని. అతనే లేచి, ఒక్క సాయం చెయ్యమన్నాడు. తను చెబితే సొన్నమ్మ నమ్మదు, మీరే వచ్చి చెప్పండి అన్నాడు. నేను కాదనలేకపోయాను.

షెడ్డులో ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని, మోచేతుల దాకా నూనెతో ఉంది. లేత్ కొత్తదానిలా మెరుస్తోంది. వెంకటగిరియప్ప స్టూలు మీద కూర్చుని, ఆమె తుడిచిన చోటల్లా వేళ్ళతో తడిమి చూసుకుంటున్నాడు. నేను మొదలుపెట్టాను. అందరి డబ్బుతో చాలా కంపెనీల షేర్లు కొంటారు, వాటి ధర పెరిగితే యూనిట్ ధర పెరుగుతుంది, పడితే పడుతుంది, ఇప్పుడు అరవై ఆరు వేలే ఉంది, సుంకన్న దుడ్డు ముట్టలేదు, ఎవరూ ముట్టలేదు. నాకు వచ్చినంతలో శ్రద్ధగానే చెప్పాను. ఆ షెడ్డులో నా మాటలు నాకే అబద్ధాల్లా వినిపించాయి.

సొన్నమ్మ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నేను ముగించేదాకా ఆగి, గుడ్డ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. నావైపు చూడనేలేదు. మొగుడి దగ్గరికి వెళ్ళి, వెంకటగిరియప్పకు వినపడకూడదని గొంతు తగ్గించి అడిగింది.

"ఈయమ్మతో ఇంత సేపు చెప్పించాల్నా? నాతోనే చెప్పు. దుడ్డు ఎవురికిచ్చినావు?"

సుంకన్న నావైపు చూశాడు.