రెండున్నర గంటలు

ఆత్మకూరు బస్టాండు దగ్గర నా కారు ఉంటుంది. గల్ఫ్ వాళ్ళను చెన్నై ఎయిర్‌పోర్టులో దించడం, తీసుకురావడం ఇరవై ఏళ్ళుగా నా పని. కువైట్ నుంచి చెన్నైకి మూడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, విమానంలో నాలుగున్నర గంటలు, వాళ్ళ గడియారం కన్నా మనది రెండున్నర గంటలు ముందు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ పొగరే కొంప ముంచింది.

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే వహాబ్ ఒక సాయంత్రం పోయాడు. కువైట్‌లో వంటపని చేసే అతని చెల్లెలు సాయిరా టికెట్ ఫొటో నాకు పంపింది. నేను ఉదయగిరి పోయేసరికి వహాబ్ ఇంట్లో పెద్దవాడు ముబీన్ అడిగాడు.

"గఫార్, పిల్ల ఎన్నింటికి చేరతాది? సాయంత్రం మగ్రిబ్ నమాజు దాకా అయితే మట్టి ఆపతాం. ఈ ఎండలకి ఆపైన ఆపలేం."

చెన్నైలో దిగేది మర్నాడు పొద్దున పదకొండుకని టికెట్‌లో ఉంది. దానికి నేను రెండున్నర కలిపాను. దిగే టైము దిగే ఊరి గడియారం ప్రకారమే వేస్తారని నాకు తెలియక కాదు. అందరూ నా నోటివైపే చూస్తుంటే గొప్ప చూపించుకునే తొందరలో అది తట్టలేదు.

"ఒకటిన్నరకి దిగతాది. ఇంటికొచ్చేసరికి ఏడున్నర."

"అయితే ఆపి లాభం లేదు. రేపు మధ్యాన్నం జోహర్ నమాజుకే తీసకపోదాం," అన్నాడు ముబీన్. వహాబ్ భార్య ఇష్రత్ తల వంచుకుంది.

మర్నాడు పదకొండున్నరకు నాయుడుపేట దాటుతుండగా ఎవరిదో ఫోన్ నుంచి సాయిరా మాట్లాడింది. "భాయ్, బయటికొచ్చేసినాను. యాడుండావు?"

టికెట్‌లో ఉన్న పదకొండే నిజమని అప్పుడు తట్టింది. అక్కడే టాక్సీ ఎక్కమని ఆమెకు, జనాజా ఇల్లు కదలకుండా ఆపమని ముబీన్‌కు చెప్పి ఉంటే సరిపోయేది. ఐదుకల్లా ఇల్లు చేరేది. కానీ ఇరవై ఏళ్ళ డ్రైవరుకు టికెట్ చదవడం రాదంటారని సిగ్గేసింది. "ఆడనే ఉండమ్మా, వస్తాండా," అన్నాను. ముబీన్‌కు ఫోన్ చెయ్యలేదు. ఆ సిగ్గును తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

తిరుగు దారంతా ఆమె ఒకటే అడిగింది. "టికెట్ కొనేటప్పుడు మగ్రిబ్ దాకా ఆపతామని వదిన చెప్పింది. అందుకుంటాం గదా భాయ్?"

అప్పటికే మట్టి అయిపోయింది. నేను మాత్రం "అందుకుంటాం" అన్నాను.

కారు చచ్చేటట్టు తోలాను. మేం దిగేసరికి ఇంకా వెలుతురుంది. ముంగిట్లో మంచం ఖాళీగా ఉంది.

"వదినా, మగ్రిబ్ ఇంకా కాలేదే," అంది సాయిరా.

"ఏడున్నర అవతాదని గఫార్ భాయే చెప్పినాడు," అంది ఇష్రత్.

సాయిరా నావైపు తిరిగింది. మట్టి చేసే ఖబరస్తాన్‌కు మా ఆడవాళ్ళు పోరు. అన్న ముఖం చూడాలంటే ఆ ముంగిట్లోనే చూడాలి. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"నువ్వయితే పోవచ్చు గదా భాయ్," అంది. "నేను టైముకే దిగినానని అన్నకి చెప్పిరా."

మసీదులో అజాన్ మొదలైంది. నేను ఖబరస్తాన్ వైపు నడిచాను.