లిఫ్టు మెకానిక్కుతో రెండు రోజులు

పన్నెండేళ్ల ఆసుపత్రి ఉద్యోగంలో ఆ నర్సుకు శని, ఆదివారాలు రెండూ కలిసి సెలవు దొరకడం అదే మొదటిసారి. ఆ రెండు రోజులూ ఊళ్లోనే ఏదైనా పాతకాలపు పెద్ద హోటల్లో గడపాలని ఆమె కోరిక. పాలరాతి మెట్లు, ఎత్తైన పైకప్పులు, తను మార్చక్కర్లేని దుప్పట్లు. మొగుడు సరేనన్నాడు. చిక్కల్లా అతను లిఫ్టు మెకానిక్కు కావడమే. ఊళ్లోని పెద్ద హోటళ్లన్నీ అతనికి వెనక గుమ్మం వైపు నుంచి తెలుసు.

స్టేషను ఎదుటి హోటలు పేరెత్తితే, గోడ పక్కనే మోటారు మోగుతుంది, కంటిమీద కునుకుండదన్నాడు. నది ఒడ్డుది చూపిస్తే, లిఫ్టు తాడు మార్చమని మూడుసార్లు రాసిచ్చినా వినలేదని మూతి ముడిచాడు. గడియార స్తంభం పక్కదానికి వంక దొరక్క, అక్కడి మేనేజరు మనిషిని చూసి నవ్వడన్నాడు. నాలుగు రోజులు ఆమె ఫోనులో ఫొటోలు చూపించడం, అతను తల అడ్డంగా ఊపడం. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"మనం హాయిగా ఉండటానికి వెళ్తున్నామా, తనిఖీకి వెళ్తున్నామా?" అని అడిగింది గురువారం పొద్దున.

"అన్నీ తెలిసి ఎలా వెళ్తామే?"

ఆమె డ్యూటీకి బయల్దేరింది. బస్సెక్కి కూర్చుని, గడియార స్తంభం పక్క హోటల్లో గది బుక్ చేసేసింది.

శనివారం మధ్యాహ్నం ఆ హోటల్లో అడుగు పెట్టారో లేదో, మొగుడు చెవులు రిక్కించాడు. లిఫ్టు కీచుమంటూ దిగుతోంది. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అంతలో ఆ నవ్వని మేనేజరే ముఖమంతా నవ్వు చేసుకుని ఎదురొచ్చాడు. పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తున్నా లిఫ్టు కంపెనీ వాళ్లు రాలేదట, ఒక్క పది నిమిషాలు చూసి పెట్టమని బతిమాలాడు. మొగుడు ఆమె వంక మొహమాటంగా చూశాడు గానీ, అప్పటికే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

సంచీ మోసుకుంటూ ఆమె ఒక్కతే మెట్లెక్కి మూడో అంతస్తు చేరింది. గది అనుకున్నదానికన్నా బాగుంది. ఏం లాభం? పది నిమిషాలు గంటయింది, రెండయింది. ఇద్దరికని చెప్పిన కాఫీల్లో ఒకటి చల్లారిపోయింది. కిందికి దిగి చూస్తే మొగుడు మోచేతుల దాకా గ్రీజుతో, మేనేజరుకు లిఫ్టు మర్మాలు విప్పి చెబుతున్నాడు. వారం రోజులుగా ఆమెకు కనబడని సంతోషం ఆ ముఖంలో కనిపించింది. అది చూశాక కోపం ఇంకా పెరిగింది.

"మీ పని అయ్యాక ఇంటికెళ్లండి," అంది నెమ్మదిగా. "రేపు సాయంత్రం నేనే వస్తాను."

"గది ఇద్దరికి కదా తీసుకుంది?"

"నాకూ అలాగే గుర్తు."

అతను నిజంగానే వెళ్లిపోయాడు. అదీ ఆమెకు నచ్చలేదు.

ఆదివారం పొద్దున్నే తలుపు చప్పుడయింది. మొగుడు, తలదువ్వుకుని, ఇంట్లో ఆమె మరిచిపోయిన కళ్లద్దాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లోపలికి రమ్మనలేదు, తలుపూ వేయలేదు. అతను వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాడు. భోజనం దాకా లిఫ్టు మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటానికి అతను పడుతున్న అవస్థ చూస్తూ కూడా, చేజారిన నిన్నటి పూటను ఆమె ఇంకా క్షమించలేకపోయింది.