బియాంకా ఏ హాల్లో తింటుంది

బేసిల్ దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో ఒక యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో వెయిటరు. ఇరవై రెండేళ్ళుగా అదే డైనింగ్ హాలు, అదే తెల్లకోటు. ఎవరికి పుట్టగొడుగులు పడవో, ఎవరికి పాలు తాగితే కడుపుబ్బరమో, ఎవరు సోమవారం డైటింగు మొదలుపెట్టి గురువారం పుడ్డింగు దగ్గర మానేస్తారో అతనికి తెలిసినంతగా వాళ్ళ కన్నతల్లులకు కూడా తెలియదు. ఈ విషయంలో అతనికి కాస్త గర్వం కూడా ఉంది. ఉండనివ్వండి, అన్నేళ్ళు నిలబడే బతికినవాడికి ఆ మాత్రం ఉండాలి.

భార్య పెగ్గీ, కూతురు బియాంకా ఎస్ట్‌కోర్ట్‌లో ఉంటారు, బస్సులో రెండు గంటల దూరం. పెగ్గీ అక్కడ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ఉద్యోగంలో చేరినప్పుడు బేసిల్, ఒక్క ఏడాది ఆగితే ఇల్లు చూసి తీసుకుపోతానన్నాడు. ఆ ఏడాది ఇంకా పూర్తికాలేదు. హాస్టల్ వెనక క్వార్టర్లలో అతనికొక గది. రెండు వారాలకోసారి సోమవారం ఊరి బస్సు, బుధవారం తెల్లవారగానే తిరుగు బస్సు. బియాంకా పుట్టడం, నడవడం, పాలపళ్ళు ఊడి కొత్తవి రావడం, పాటలు పాడి చర్చిలో బహుమతి తెచ్చుకోవడం, అన్నీ అతను లేని రోజులు చూసుకునే జరిగాయి.

1994 జనవరిలో ఆ పిల్లకు అదే యూనివర్సిటీలో సీటొచ్చింది. ఏప్రిల్లో రంగు చూడకుండా అందరికీ మొదటిసారి ఓట్లు, ఏమవుతుందోనని దేశమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటే, బేసిల్ మాత్రం ఏ కుర్చీ మంచిదా అని చూస్తున్నాడు. కూతురు తన హాస్టల్‌కే వస్తుంది. మేడ మీద ఆమె, వెనక గదిలో తను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రోజుకు మూడుసార్లు కళ్ళారా చూసుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళలో పోయినదంతా మూడేళ్ళలో కొంతైనా తిరిగి వస్తుందని అతని ఆశ. కిటికీ పక్కన, ఎండ పడే మూడో బల్ల ఎంచుకున్నాడు. అది తోటి వెయిటరు రాడ్నీ చూసుకునే బల్ల. ఆదివారం గిన్నెలన్నీ తనే తోమిపెడతానని ఒప్పించి దాన్ని తన వంతుకు మార్చుకున్నాడు. హాస్టల్ అజమాయిషీ చూసే మేట్రన్‌కు కూడా చెప్పాడు. ఆవిడ "ఎంత బాగుంది బేసిల్!" అంది. పిల్ల పేరు మాత్రం అడగలేదు.

ఫిబ్రవరి మొదటి సోమవారం అతను ఇంటికొచ్చేసరికి ముందు గది నేల కనబడడం లేదు. దుప్పట్లు, తువ్వాళ్ళు, ఇస్త్రీపెట్టె, హాస్టల్ వాళ్ళు పంపిన జాబితా, మధ్యలో నోరు తెరుచుకున్న ట్రంకు పెట్టె. పెగ్గీ దిండు గలీబుల మీద చెరగని సిరాతో బియాంకా పేరు రాస్తోంది. రాయడం ముగించి, ఆలివ్ నూనె సీసా తెచ్చి, వేలితో ట్రంకు గొళ్ళేనికి రాసి ప్రార్థన చేసింది. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ అవ్వ కాలంలోనైతే పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు. పెగ్గీ వెళ్ళే చర్చిలో అవి కూడవు కాబట్టి నూనె.

"చాలు చాలు, దుప్పట్లకి మరకలు పడతాయి," అన్నాడు బేసిల్.

"ప్రార్థన చేసిన నూనె మరక పడదు. నువ్వు నోరు మూసుకుని ఏదో ఒక పని చెయ్యి."

పని వెతుక్కుంటూ కాగితాలు తిరగేశాడు. అందులో భోజనం కార్డు కనబడింది. పిల్ల ఏం తింటుంది, ఏం తినదు అని రాసి వంటింటికి పంపే కార్డు. అలాంటివి ఏటేటా వందల కొద్దీ వంటింటి పక్క ప్యాంట్రీ గోడకు గుచ్చేది అతనే. ఇంకేం, కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ లాక్కున్నాడు.

"ఇది నేను రాస్తాను. ఇది నా డిపార్టుమెంటు."

బీఫ్ తినదు అని రాశాడు. మటన్ కూరంటే ప్రాణం అని రాశాడు. బటర్ బీన్స్ ఎంత పెట్టినా తింటుంది అని కూడా రాశాడు. భుజం మీంచి చదివిన పెగ్గీ పకపకా నవ్వింది.

"హాయ్‌బో, ఇదేటి, మటనా? అది మటన్ మానేసి నాలుగేళ్ళయినాది."

"మొన్న నేనొచ్చినప్పుడు తిన్నాదిగా?"

"నువ్వొచ్చినావని తిన్నాది. నువ్వొచ్చిన రోజున నీకిష్టమైందే వండుతాం. మిగతా రోజులు దాని కూడు వేరే."

బేసిల్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఊళ్ళో వాళ్ళ పిల్లలందరి కడుపులూ ఎరిగినవాడు, సొంత కూతురు ఏం తింటుందో అడిగి తెలుసుకోవలసి వచ్చింది. సిగ్గేసింది. ఆ సిగ్గులో తల వంచుకుని చూస్తే, కార్డు రంగు అప్పుడు కనబడింది. ఆకుపచ్చ. తన హాస్టల్ కార్డులు పసుపు. వెనక్కి తిప్పాడు. కొండ మీది ఇంకో హాస్టల్ పేరు అచ్చువేసి ఉంది.

"ఆఫీసోళ్ళు తప్పు చేసినారు. రేపే మేట్రన్‌కి ఫోను చేసి మార్పిస్తాను," అన్నాడు.

పెరట్లోంచి ఆరిన బట్టలు తెస్తున్న బియాంకా గుమ్మంలోనే ఆగింది. తల్లి మొహం చూసింది, తండ్రి చేతిలో కార్డు చూసింది.

"తప్పు కాదు నానా. నేనే ఆ హాస్టల్ అడిగాను."

"ఎందుకు? నేనుండగా ఆ కొండ మీద నీకు ఎవరున్నారు?"

బియాంకా బట్టలు ట్రంకు మీద పెట్టి అతని ఎదురుగా కూర్చుంది. "పోయినేడు స్కూల్లో మమ్మల్ని యూనివర్సిటీ చూడ్డానికి తీసుకెళ్ళారు, గుర్తుందా? లంచి మీ హాల్లోనే. నిన్ను పిలుద్దామని తలుపు దాకా వచ్చాను. నా వయసు పిల్లే ఒకతి, నీ వైపు తిరక్కుండానే ఖాళీ జగ్గు పైకెత్తి పట్టుకుంది. నువ్వు 'యెస్ మిస్' అని పరుగెత్తావు. నేను పిలవలేదు, తినకుండానే వెనక్కెళ్ళిపోయాను."

"అది పని అమ్మా. అందులో తప్పేటి?"

"పనిలో తప్పు లేదు. మీ హాల్లో ఆ కుర్చీలో నేను కూకోలేను. నువ్వు నిలబడుంటే నాకు ముద్ద దిగదు నానా."

బేసిల్ లేచి పెరట్లోకి వెళ్ళి, ఎందుకో తెలియకుండానే తీగ మీది క్లిప్పులన్నీ తీసి డబ్బాలో వేశాడు. ఏడుపొచ్చింది. తను కళ్ళారా చూసుకోవాలనుకున్నాడే గానీ, ఆ పిల్ల కళ్ళకు ఏం కనబడుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పోనీ, తెలిసింది కదా, కోరిక తగ్గిందా అంటే అదీ లేదు. ఇంకా ఎక్కువైంది. లోపలికి వచ్చి ఆ మాటే చెప్పాడు.

"నువ్వు పుట్టిన కాడ్నించీ నీతో కూకుని తిన్న పూటలు తక్కువ. ఇప్పుడైనా నీ కంచం నా కళ్ళ ముందుంటాదనుకున్నాను. అంతే బిడ్డా. ఇంకేం లేదు."

బియాంకా తల దించుకుంది. "తెలుసు నానా," అంది. కార్డు మాత్రం మార్చలేదు. అతను రాసినవాటిలో బీఫ్ తినదన్నది ఒక్కటే ఉంచి తక్కినవి కొట్టేసింది.

చేరే రోజు శనివారం. అద్దె వ్యానులో సామాను వచ్చింది. బేసిల్ గేటు దగ్గర ఎదురుచూసి, ట్రంకు భుజాన వేసుకుని కొండ మీది హాస్టల్ రెండో అంతస్తు దాకా మోశాడు. ఇరుకు గది, ఒక మంచం, ఒక బల్ల, కిటికీలోంచి కింద తన హాస్టల్ ఎర్ర పెంకుల కప్పు. పెగ్గీ గుమ్మానికి కూడా నూనె రాసి, కూతురి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఏడ్చి, మూడున్నర బస్సుకు వెళ్ళిపోయింది. నాలుగింటికి బేసిల్ గడియారం చూసుకున్నాడు.

"డ్యూటీకి టైమైంది. పోయొస్తాను."

"సరే నానా," అంది బియాంకా, దుప్పటి పరుస్తూ. ఇంకేమైనా అంటుందేమోనని అతను మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఒక్కడే దిగిపోయాడు.

వెయిటర్లు నాలుగున్నరకే ప్యాంట్రీలో తినేస్తారు, ఐదింటికి వాళ్ళను హాల్లోకి పిలిచే మొదటి గంట కొట్టేలోపు. చెక్క బెంచీ, చేత్తో తిండి. ఆ రోజు అన్నం, క్యాబేజీ బంగాళదుంపల కూర. బేసిల్ కంచం ముందేసుకుని కూర్చున్నాడు గానీ అన్నం కలపలేదు. ఐదుకు పది నిమిషాలుండగా వెనక తలుపు చప్పుడైంది.

"రాడ్నీ అంకుల్, నాకూ ఒక ప్లేటు పెడతారా?"

బియాంకా. కొండ దిగి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. రాడ్నీ పేరూ, ఈ నాలుగున్నర భోజనమూ ఇంట్లో తండ్రి నోట ఎన్నోసార్లు విన్నవే. రాడ్నీ కంచం నిండా పెట్టి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె తండ్రి పక్కన బెంచీ మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

బేసిల్ కూడా తిన్నాడు, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అలవాటు. ఖాళీ కంచం ముందు కూర్చుని కూతుర్ని చూశాడు. నెమ్మదిగా తింటుంది. బంగాళదుంప ముక్కలన్నీ ఏరి అంచుకు నెడుతుంది. ఒక్కో ముద్దకూ మధ్య నీళ్ళు తాగుతుంది. ఇవేవీ అతనికి తెలియవు. ఇంత మామూలు సంగతులు ఇన్నాళ్ళూ ఎక్కడో జరిగిపోతూ ఉన్నాయి.

మొదటి గంట కొట్టింది. రాడ్నీ లేచాడు, తక్కినవాళ్ళూ లేచారు. బేసిల్ లేచి తెల్లకోటు గుండీలు పెట్టుకున్నాడు. బియాంకా కంచంలో సగం అలాగే ఉంది. ఆమె కూడా లేవబోయింది.

"కూకో," అన్నాడు. "నాకోసమని తినడం కాదు. నీ కూడు నువ్వు తిను."

ఆమె ఆ కోటు వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చుంది.

అతను గరిటె తీసుకుని, కూర గిన్నెలో బంగాళదుంపలు పక్కకు తోసి, క్యాబేజీ ఒక్కటే ఎత్తి ఆమె కంచం మీదకు వంగాడు. "ఇంకొంచెం?"

"వెయ్యి నానా."

వేశాడు. రెండో గంట కొట్టింది. అవతల హాల్లో కుర్చీలు జరుగుతున్నాయి, రాడ్నీ అతని పేరు పిలుస్తున్నాడు. బేసిల్ కదలలేదు. ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకునే దాకా అక్కడే నిలబడి, అప్పుడు వెళ్ళాడు.