బొట్టు పెట్టుకున్న పాస్‌పోర్టు

నేను ఒక పాస్‌పోర్టును. నీలం అట్ట, అట్ట మీద సింహాల ముద్ర, లోపల ముప్ఫై ఆరు పేజీలు. మొదట్లోనే రాష్ట్రపతి పేరు మీద ఒక విన్నపం ఉంటుంది: ఈ మనిషిని ఏ అడ్డూ లేకుండా వెళ్ళనివ్వండి, అవసరమైతే సాయం చేయండి అని. అంత పెద్ద మాట మోస్తున్నాను కాబట్టి పుట్టిన కొత్తలో నాకు పొగరు బాగానే ఉండేది. అడ్డు తీయవలసిన నేనే అడ్డం పడతానని అప్పుడు నాకేం తెలుసు?

నాసిక్‌లో అచ్చయ్యాను. కొన్నాళ్ళు కట్టలో ఊపిరాడకుండా పడి ఉన్నాక హైదరాబాదులో నాకొక ముఖం దొరికింది. ఆ ముఖం అనసూయది. హనుమకొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎల్‌కేజీ పిల్లలకు అక్షరాలు నేర్పుతున్న పంతులమ్మ. భర్త సమ్మయ్య బస్సు డ్రైవరు. నా పక్క నంబరుతో పుట్టిన తమ్ముడు ఆయన పాస్‌పోర్టు. వాళ్ళకు పిల్లలు లేరు. బడిలో పిల్లల ముక్కులు తుడిచీ తుడిచీ ఆ లోటు మరిచిపోయానని ఆవిడ అంటుండేది.

పోస్టులో వచ్చిన నన్ను సమ్మయ్య మొదటిసారి విప్పి చూసి ముఖం మాడ్చుకున్నాడు. ఫోటో దిగిన రోజు ఎండకు చెమట పట్టి ఆవిడ స్టిక్కరు బొట్టు ఎక్కడో జారిపోయింది. ఆ కంగారులో ఎవరూ చూసుకోలేదు.

"ఏందే, నేను బతికుండంగనే బొట్టు లేకుంట దిగినవ్?" అన్నాడు.

"విమానపోళ్ళకు నా బొట్టుతోటి ఏం పనయ్యా, మొఖం కనవడితే సాలదా?" అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఈ మొగుడూ పెళ్ళాల కథ వింటే మీకూ నవ్వొస్తుంది. ఆవిడకు సెలవులొచ్చేది దసరాకు. ఆయనకు ఊపిరి సలపని పనుండేది కూడా దసరాకే. ఊళ్ళన్నీ కదిలే ఆ పదిరోజులూ డిపోలో స్పెషల్ బస్సులు వేస్తారు. డ్రైవరు సెలవడిగితే నవ్వుతారు. ముప్ఫై ఏళ్ళు లోకాన్నంతా పండక్కి చేరవేసిన మనిషి, సొంత భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ఊరూ చూపించలేదు. ఆవిడ అడగకుండా ఉండలేదు, ఆయన ‘వచ్చే ఏడు’ అనకుండా ఉండలేదు.

జులైలో ఆయన రిటైరయ్యాడు. ఈ దసరాకు ఎవరి బస్సూ తోలక్కర్లేదు. ఎక్కడికి పోదామని అడిగితే ఆవిడ తడుముకోకుండా శ్రీలంక అంది. అక్కడ ఒక ఊళ్ళో ఏనుగులు మందగా ఏటికి స్నానానికి దిగుతాయట. బడిలో ఇరవై ఎనిమిదేళ్ళు అట్ట మీద ఏనుగు బొమ్మ చూపించి పిల్లల చేత దాని పేరు అరిపించింది కదా, అన్ని ఏనుగుల్ని ఒక్కచోట కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. పెద్ద గుడులూ పెద్ద మేడలూ కాదు, నీళ్ళలో ఏనుగులు. మనుషుల కోరికలు ఇంత చిన్నగా కూడా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

ఆగస్టులో ఆవిడ కాళ్ళు వాచాయి. పరీక్షలు చేసిన డాక్టరు రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయన్నాడు. "పోయేదుంటే ఈ దసరాకే పోయి రండమ్మా. దీపావళి దాటితే రక్తం కడిగే మిషను తప్పదు. వారానికి మూడుసార్లు ఇక్కడే ఉండాలె" అన్నాడు. ఆ మాటతో ఆ సెలవులకు వెల పెరిగిపోయింది. అప్పటిదాకా అది సరదా ప్రయాణం. ఆ రోజు నుంచి అది ఆవిడ చేయబోయే ఒకే ఒక్క ప్రయాణం.

ఇక చూడాలి ఆ ఇంట్లో సంబరం! పండగ సెలవులంటే విమానాలూ బస్సుల్లాగే కిక్కిరిసిపోతాయట. నెల ముందే టూరువాళ్ళ దగ్గర పేర్లు రాయించారు. దసరా రోజు బయలుదేరితే వేరే ముహూర్తం చూడక్కర్లేదని ఆ మధ్యాహ్నం విమానానికే టికెట్లు తీసుకున్నారు. గోడ క్యాలెండరు మీద ఆవిడ ఎర్ర పెన్నుతో రోజుకొకటి కొట్టేసేది. సకినాలు ఉప్పు తక్కువేసి చేసింది, ఆవిడకు ఉప్పు నిషిద్ధం మరి. స్వెట్టర్లు పెట్టాలా వద్దా అన్నదాని మీద మూడు రోజులు కొట్లాట. అక్కడ చలి ఉండదని ఆవిడ, విమానంలో ఉంటుందని ఆయన. చివరికి స్వెట్టర్లు పెట్టెలోకి ఎక్కాయి, బయటికి దిగాయి, మళ్ళీ ఎక్కాయి. మమ్మల్ని మాత్రం రోజూ ఒకసారి బీరువాలోంచి తీసి, ఉన్నామో లేదో చూసి, లోపల పెట్టేవారు.

నవమి నాడు ఆయుధపూజ. ముప్ఫై ఏళ్ళుగా సమ్మయ్యకు ఆ రోజు ఒకటే పని: బస్సు కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు చక్రాల మీద చల్లడం. మనల్ని మోసే బండికి బొట్టు పెట్టకుండా తాళం చెవి తిప్పకూడదని ఆయన నియమం. అలా చేసినందుకే ఇన్నేళ్ళలో తన బస్సు కింద ఒక ప్రాణం పోలేదని ఆయన నమ్మకం. ఈసారి బస్సు లేదు. కాసేపు దిక్కులు చూసి బీరువా తెరిచాడు. రేపు మోసేది వీళ్ళే కదా అని మమ్మల్ని పీట మీద పెట్టాడు. తమ్ముడికి అట్ట మీదే బొట్టు పెట్టి వదిలేశాడు. నన్ను మాత్రం తెరిచాడు. ఫోటోలో ఆ ఖాళీ నుదురు చూశాడు. పసుపు తడిపి రాసి, దాని మీద వేలితో కుంకుమ దిద్దాడు. కొబ్బరినీళ్ళు చల్లాడు.

అబద్ధమెందుకు, నాకు ఎంతో బాగుంది. పూజ అందుకున్న పాస్‌పోర్టు ఎన్ని ఉంటాయి? ఆ మురిపెంలో, చల్లటి నీళ్ళు ఫోటో మీద ప్లాస్టిక్ పొర కిందికి మెల్లగా దిగుతున్నాయని గమనించుకోలేదు. తెల్లారేసరికి పొర అంచు లేచింది. కింద యంత్రాలు చదివే రెండు వరుసలూ పసుపు నీళ్ళలో అలికిపోయాయి. ఆవిడ పొద్దున నన్ను చూసి, "మంచిగనే దిద్దినవ్ గదా" అని సంచిలో పెట్టుకుంది. ఇద్దరికీ అనుమానం రాలేదు.

శంషాబాద్‌లో జనం జాతరలా ఉన్నారు. కాగితాల పని ఎప్పుడూ ఆవిడదే. సమ్మయ్య వెనక సామాన్ల దగ్గర నిలబడ్డాడు. కౌంటరులో పిల్ల నన్ను యంత్రం మీద పెట్టింది. చదవలేదు. తుడిచి పెట్టింది. చదవలేదు. పైవాణ్ణి పిలిచింది. అతను పొర అంచును గోటితో మీటి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆంటీ, ఫోటో పేజీ పాడైంది. దీంతో మిమ్మల్ని ఎక్కించలేం. కొత్తది తీసుకోవాలి. సారీ ఆంటీ. సార్ వెళ్ళొచ్చు" అంది ఆ పిల్ల.

నన్ను తిరిగి అనసూయ చేతిలో పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి భర్తను చూసింది. ఆయన కొత్త చొక్కా వేసుకుని, పెట్టెకు కట్టిన తాడు మళ్ళీ బిగిస్తూ, ఎవరితోనో ఏనుగుల సంగతి చెబుతున్నాడు. ఆవిడ కౌంటరు మీదికి వంగింది.

"ఆయనకు గీ మాట చెప్పకు బిడ్డా. నీకు దండం పెడ్త" అంది.

తర్వాత నన్ను సంచి అడుగున తోసేసి ఆయన దగ్గరికి నడిచింది. పండగ రద్దీకి సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మారని, తమ ఇద్దరికీ సీట్లు లేవని, దీపావళి దాకా అన్నీ నిండిపోయాయని చెప్పింది. ఆయన ఇట్టే నమ్మాడు. బస్టాండులో ముప్ఫై ఏళ్ళు ఆయన జనానికి చెప్పిన మాటే కదా అది.

"పండుగ పూట ఎంతమందిని ఇడిసిపెట్టి పోయిన్నో నేను. వాళ్ళ ఉసురే తలిగినట్టున్నది" అని తల పట్టుకున్నాడు.

"నీదేం తప్పు లేదు. నడువు, ఇంటికి పోదాం" అంది ఆవిడ.

దీపావళి దాటింది, మిషను మొదలైంది. సోమ, బుధ, శుక్రవారాలు ఆసుపత్రి. ఆయన లేనప్పుడు ఆవిడ రెండుమూడుసార్లు నన్ను తీసి దూదితో రుద్దింది. మరక పోలేదు. నన్ను చీరల మడతల్లోకి, ఆయన చెయ్యి పెట్టని చోటికి తోసేసింది. ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరి దగ్గరా విమానంవాళ్ళను తిట్టేవాడు. ఆవిడ ముఖం పక్కకు తిప్పుకునేది. వచ్చే దసరాకు పోదాం అని ఆయన అంటే పోదాం అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నన్ను ఎవరైనా చింపేస్తే బాగుండుననిపించేది. ఆషాఢంలో ఆవిడ పోయింది.

మనిషి పోతే పాస్‌పోర్టు అప్పగించాలని ఎవరో చెప్పారు. సమ్మయ్య చీరలన్నీ దులిపి నన్ను వెతికి పట్టుకుని హైదరాబాదులో ఆఫీసుకు తెచ్చాడు. అక్కడి గుమాస్తా నన్ను విప్పి నవ్వాడు.

"దీంతోని విమానం ఎక్కనిచ్చిన్రా పెద్దాయనా?"

"ఎక్కలే సార్. సీట్లు నిండినయన్నరు."

"సీట్లా? గిది చూస్తే ఖాళీ విమానం కూడా ఎక్కియ్యరు. ఫోటో పేజీ మొత్తం ఖరాబైంది. గీ కుంకుమ పెట్టిందెవరు?"

సమ్మయ్య ఆ బొట్టు మీద వేలు పెట్టాడు. "నేనే సార్" అన్నాడు. గుమాస్తా నవ్వు ఆపి నా మీద రద్దు ముద్ర కొట్టి, మూల కత్తిరించి తిరిగి ఇచ్చాడు. ఏ దేశపు ముద్రా పడని నాలో ఆఖరికి పడింది అదొక్కటే.

హనుమకొండ బస్సు సగం ఖాళీగా ఉంది. కండక్టరు ఆయన్ను గుర్తుపట్టి ముందు సీటు చూపించాడు. "కూసో అన్నా, సీట్లున్నయి గదా" అన్నాడు. "వద్దు తమ్మీ" అని సమ్మయ్య పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. భువనగిరి దాటింది, ఆలేరు దాటింది, జనగామ దాటింది. ఆయన కూర్చోలేదు. నేను ఆయన చొక్కా జేబులో ఉన్నాను కాబట్టి, బస్సు చప్పుడులో ఇంకెవరికీ వినపడని మాట నాకు వినపడింది.

"ఒక్క మాటన్న తిట్టకపోతివి గదనే."