కరగని తీగ

నేను ఒక ఫ్యూజును. ఊళ్ళల్లో ఫీజు అంటారు, కటౌటు అంటారు. గుప్పిట్లో ఇమిడే తెల్లటి పింగాణీ ముక్కను. రెండు చివర్లా ఇత్తడి నాలుకలు, వాటి మధ్య ఓ సన్నటి తీగ. కరెంటు ఆ తీగ మీదుగా వెళ్ళాలి. హద్దు మీరి వచ్చిందంటే తీగ కరిగి తెగిపోవాలి, కరెంటు ఆగిపోవాలి. పుట్టాక నాకు అప్పగించిన పని ఇదొక్కటే: ఎవరి ప్రాణమో పోయేలోపు నేను పోవాలి. ఆ పని నేను చేయలేదు. చేయలేకపోయాననండి, చేయనివ్వలేదనండి, తిరుపతమ్మ అనే ఆవిడ మాత్రం చనిపోయింది. ఈ మాట చెబుతుంటే నాకు ఏడుపు రావాలి. రావడం లేదు. ఎందుకు రావడం లేదో కూడా చెబుతాను.

నన్ను ఏ ఊళ్ళో చేశారో గుర్తు లేదు. తెల్లమట్టి పిసికి, అచ్చులో కొట్టి, పైన మెరుపు పూసి బట్టీలో కాల్చారు. ఆ వేడి చూశాక మరే వేడికీ నేను బెదరలేదు. పింగాణీ గుణమే అంత. నాలో నొప్పి తెలిసే భాగం తీగ ఒక్కటే. అది పోయినప్పుడల్లా కొత్తది కడతారు. కాబట్టి నాకు తెలిసిన కష్టసుఖాలన్నీ ఆ తీగల పుణ్యమే.

పల్నాడు వైపు ఓ చిన్న టౌన్లో, ఎలక్ట్రికల్ షాపు అటక మీద, అట్టపెట్టెలో కొంతకాలం పడి ఉన్నాను. షాపాయన ప్రతి సరుకునూ చేత్తో తట్టి "లైఫ్ గ్యారంటీ" అనేవాడు. ఎవరి లైఫో ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చివరికి నాగుల్ మీరా అనే వైర్‌మన్ వచ్చి నన్నూ, నాలాంటివాళ్ళను మరో ఇద్దరినీ కొన్నాడు. మూడు ఫేజుల కరెంటుకి ముగ్గురం కావాలి. అలా ముగ్గురం బస్టాండు వెనక వీధిలోని పిండిమరలో చెక్కబోర్డు మీదికి ఎక్కాం.

ఆ మర తిరుపతమ్మది, ఆమె భర్త పేరయ్యది. పేరయ్య మోటారు, బెల్టు చూసుకునేవాడు. మాట తక్కువ మనిషి. తిరుపతమ్మ జనాన్ని చూసుకునేది. మర శబ్దాన్ని మించి మాట్లాడటం అలవాటై, మర ఆగినప్పుడు కూడా ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. పిండి జారే చోట వేళ్ళు పెట్టి నలిపి చూసి, డబ్బా తెచ్చినవాళ్ళు చాలన్నా ఒప్పుకోకుండా మళ్ళీ ఆడించేది.

బోర్డు బిగించిన రోజున నాగుల్ మీరా ఆమెకు రూళ్ళు చెప్పాడు.

"అక్కా, ఫీజు పోతే తిట్టమాకండి. పోయిందంటే యాడనో తేడా ఉందని చెప్తన్నట్టు. ఈ తీగె తప్ప వేరేది కట్టొద్దు. గోడవతల ఎర్త్ గుంట తవ్వా. దాంట్లో అప్పుడప్పుడూ రెండు బిందెల నీళ్ళు పొయ్యండి."

"నేలకి నీళ్ళు పోస్తే కరెంటుకేంది తమ్ముడూ?"

"కరెంటు దారి తప్పి ఇనప సామాన్లోకి వచ్చిందనుకో, దాన్ని బూమిలోకి లాక్కుపొయ్యే తోవ అది. బూమిలోకి దబ్బున పోతే ఈ ఫీజు కాలిపోద్ది, మనిషి బతికిపోతాడు. గుంట ఎండితే తోవ మూసుకుపోద్ది."

ఆమె బుద్ధిగా విన్నది. కొన్నాళ్ళు నీళ్ళు కూడా పోసింది. తర్వాత మనుషులకే నీళ్ళు చాలని ఎండాకాలం వచ్చింది, గుంట సంగతి మరుగున పడింది.

మొదట్లో నేను తరచూ పోయేదాన్ని. మిరపకాయల కాలంలో మరీను. కారం పట్టించుకునేవాళ్ళు వీధిలోకి బారులు తీరి ఉండగా, పిండి మోటారూ, కారం మోటారూ ఒక్కసారి లాగేసరికి, టప్ మని చిన్న మెరుపు మెరిసి నా తీగ తెగేది. నొప్పి ఉండేది, కాదనను. కానీ ఆ నొప్పిలో ఓ తృప్తి కూడా ఉండేది. బయట ఉన్నవాళ్ళు మాత్రం నన్ను దుమ్మెత్తి పోసేవాళ్ళు. "దరిద్రపు ఫీజు, ఇప్పుడే పోవాలా" అని. ప్రమాదం ఉందని చెప్పినవాళ్ళను తిట్టడం మనుషులకు ఎక్కడినుంచి వచ్చిందో గానీ, అందులో వాళ్ళకు మంచి నేర్పు ఉంది. తిరుపతమ్మ స్టూలు వేసుకుని ఎక్కి, నన్ను బోర్డులోంచి ఊడబెరికి, కొత్త తీగ చుట్టి మళ్ళీ పెట్టేది.

ఒకనాడు ఆమె అన్నానికి ఇంటికి వెళ్ళిన సమయం చూసి పేరయ్య స్టూలెక్కాడు. పాత కేబుల్ ముక్క ఒలిచి, రాగి పోగులు నాలుగైదు కలిపి మెలేసి, ఆ మెలికను నాలో బిగించాడు. మిగతా ఇద్దరికీ అదే చేశాడు. బద్ధకం అనుకున్నాను. మనుషులు చేసే పనుల్లో సగానికి నేను పెట్టుకున్న పేరు అదే.

ఆనాటి నుంచి నాకు ఏ నొప్పీ తెలియలేదు. మోటారు బిగుసుకుని మూలిగినా, బెల్టు జారినా, వైర్లు వేడెక్కి వాసన వచ్చినా, నాలోంచి కరెంటు ఎంతంటే అంత పోయేది. ఆ రాగికి చురుకన్నది లేదు. మొదట భయం వేసింది. తర్వాత భయం కూడా పోయింది. ఏళ్ళ తరబడి నేను బోర్డు మీద ఉన్నానంతే.

విచిత్రం ఏమిటంటే, నాకు మర్యాద పెరిగింది అప్పుడే. పక్కింటి సాంబ్రాజ్యంతో తిరుపతమ్మ గర్వంగా చెప్పేది: "మా ఫీజు బంగారం వదినా. ఇన్నేళ్ళలో ఒక్కసారి పోలా." దసరాకి మోటారుకీ, మరకీ పసుపు కుంకుమ పెట్టి, మా ముగ్గురికీ తలా ఒక బొట్టు పెట్టేది. పని చేసిన రోజుల్లో తిట్లు తిన్నాను, పని మానేశాక పూజలందుకున్నాను.

ఈ మధ్యలో ఒకసారి తనిఖీ వచ్చింది. కరెంటు ఇన్‌స్పెక్టరు వసుంధర గారు మర్లన్నీ చూస్తూ వస్తున్నారని ముందురోజే కబురు అందింది. ఇక చూడండి, పెళ్ళిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు మమ్మల్ని ముస్తాబు చేశారు. నాగుల్ మీరా వచ్చి రాగి తీసేసి సన్న తీగలు కట్టాడు. ఎర్త్ గుంటలో కల్లుప్పు పోసి, బిందెల మీద బిందెలు నీళ్ళు కుమ్మరించాడు. వేలాడే వైర్లను గోడకి మేకులు కొట్టి బిగించాడు. రూళ్ళన్నీ తెలిసిన మనిషి కనుకే ఆ పని అంత చక్కగా కుదిరింది.

వసుంధర గారు పనిమంతురాలు. నన్ను ఊడదీసి తీగ చూసింది. గుంట దగ్గర కూర్చుని యంత్రం పెట్టి కొలిచింది. కారం మోటారు కూడా వేయమంటే, రెండూ కలిస్తే తీగ పోతుందని తెలిసి పేరయ్య "ఇయ్యాల కాయల్లేవు మేడమ్" అన్నాడు. అంతా సరిగ్గానే ఉందని, ఇలాగే ఉంచుకోమని చెప్పి, తిరుపతమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. ఆ ఒక్కపూట నాకు మళ్ళీ ఒంట్లోకి ప్రాణం వచ్చింది. కరెంటు వెళుతుంటే తీగ గోరువెచ్చగా తెలిసింది. సాయంత్రం పేరయ్య రాగి మెలికలు తెచ్చి మళ్ళీ బిగించేశాడు.

ఆ తర్వాత మోటారు ముసలిదైంది. లోపలి తీగ చుట్టకు ఎక్కడో పూత ఊడి, కరెంటు కొద్దికొద్దిగా ఇనుములోకి దిగడం మొదలైంది. గింజలు పోసే తొట్టి పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. నాగుల్ మీరా చూసి, మోటారు విప్పి చుట్ట కొత్తగా చుట్టించాలి, అందాకా మర ఆపాలి అన్నాడు. పండగ వెళ్ళాక చూద్దామన్నాడు పేరయ్య. మీరా కూడా సరేనన్నాడు.

పండగ వెళ్ళేదాకా వాళ్ళొక ఉపాయం పన్నారు. ఆ మరలోకి ఎవరూ చెప్పులతో రారు. తినే గింజ ఉన్న చోటు, లక్ష్మీదేవి ఉన్న చోటు. గడప అవతల విడిచి రావలసిందే. అందుకని తిరుపతమ్మ కొత్త రబ్బరు చెప్పుల జత ఒకటి కొని తొట్టి పక్కన పెట్టింది. వీధి మట్టి తగలని చెప్పులు కాబట్టి దోషం లేదు. గింజలు పోసేవాళ్ళు అవి తొడుక్కుని, తొట్టిలో పోసి, విడిచిపెట్టి పోవాలి. "మర కాస్త జివ్వుమంటంది, చెప్పులేసుకోమ్మా" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. ప్రభుత్వం రాసిన రూళ్ళు ఏవీ ఆ మరలో నిలవలేదు గానీ, ఈ చెప్పుల రూలు మాత్రం తు.చ. తప్పకుండా నడిచింది.

దసరా వచ్చింది. పొద్దున్నే తిరుపతమ్మ మర లోపల నేలంతా బిందెల కొద్దీ నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు గోడ తూములోంచి అవతలికి నెట్టింది. మోటారుకి పసుపు రాసి, తొట్టికి బంతిపూల దండ వేసింది. పూజ చేసే చోట కాలి చెప్పులు ఉండకూడదు కదా, ఆ రబ్బరు చెప్పులు తీసి బయట అరుగు మీద పెట్టింది. దీపం వెలిగించారు. కొబ్బరికాయ కొట్టారు. పూజ అయ్యాక మరను ఓసారి తిప్పి, గుప్పెడు బియ్యం ఆడించడం వాళ్ళ ఆనవాయితీ. పేరయ్య మీట నొక్కి, మోటారు తిరగడం మొదలవగానే చేతులు జోడించాడు. తిరుపతమ్మ ఒట్టికాళ్ళతో, తడిసిన నేల మీద నిలబడి, ఎడంచెయ్యి తొట్టి అంచున ఆనించి, కుడిచేత్తో బియ్యం పోసింది.

ఆమె అరవలేదు. తల వంచుకుని అలాగే నిలబడిపోయింది. దణ్ణం పెట్టుకుంటోందనుకున్నాడు పేరయ్య. తనూ కళ్ళు మూసుకున్నాడు. ప్రసాదం కోసం గడప దగ్గరికి వచ్చిన సాంబ్రాజ్యం ఆమె ముఖం చూసి, "కటౌటు పీకయ్యా, పీకు" అని అరిచింది. పేరయ్య పరిగెత్తి వరసగా మా ముగ్గురినీ బోర్డులోంచి లాగాడు, చివర నన్ను. అప్పుడామె కింద పడింది. అంతసేపూ కరెంటు నా మీదుగానే వెళ్ళింది. నాకు నొప్పి తెలియలేదు.

కరెంటుతో మనిషి పోతే తనిఖీవాళ్ళు వచ్చి చూడాలి. వారం తర్వాత వసుంధర గారే వచ్చింది. నేను బోర్డు కింద, పేరయ్య చేతిలోంచి పడిన చోటే ఉన్నాను. నన్ను తీసుకుని, నా ఒంట్లో ఉన్న రాగిని చాలాసేపు చూసింది.

"నేను వచ్చినప్పుడు ఇది లేదు."

"మీరొస్తారని తీశాం మేడమ్. పోయినాక మళ్ళీ ఏశా."

"ఎవరు వేశారు?"

"నేనే."

"ఎందుకు వేశారు పేరయ్య గారూ? ఫ్యూజు పోతే కట్టుకోవడం అంత కష్టమా?"

పేరయ్య చెప్పుకొచ్చాడు. ఆ మనిషి అన్ని మాటలు కలిపి మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"మిరగ్గాయలప్పుడు ఫీజు పోతే ఆమే కట్టేది మేడమ్. నాకు ఆ సన్న తీగె కళ్ళకి ఆనదు. కారం చేతుల్తో స్టూలెక్కి, ఆ తీగె చుడతా చుడతా చెమట తుడుచుకునేది. కళ్ళు మండి, ఎదురుగా జనం ఉన్నారని నవ్వుతా ఏడ్చేది. చూళ్ళేక ఏశా. ఇంక నువ్వు స్టూలెక్కే పన్లేదంటే శానా సంతోషపడింది."

బద్ధకం అనుకున్నానని చెప్పాను కదా.

వసుంధర గారు రాసుకుంటున్నదల్లా ఆగింది. పేరయ్య అడిగాడు: "సన్న తీగె ఉంటే బతికేదా మేడమ్?"

ఆమె బయటికి వెళ్ళి ఎర్త్ గుంటలో యంత్రం పెట్టి చూసుకుని వచ్చింది.

"గుంట ఎండిపోయి ఉంది పేరయ్య గారూ. కరెంటు భూమిలోకి పోయే దారే లేదు. సన్న తీగ ఉన్నా కరిగేది కాదేమో."

"కరిగేది కాదంటారా?"

"చెప్పలేం. కాకపోవచ్చు."

పేరయ్య తల ఊపాడు. అప్పటిదాకా నిలబడే ఉన్న మనిషి, గోడకి ఆనుకుని మెల్లగా కూర్చున్నాడు. ఆమె నన్ను ఓ కవర్లో వేసి అంటించింది. అప్పటినుంచి వాళ్ళ ఆఫీసు బీరువాలో ఉన్నాను. సాక్ష్యం కాబట్టి రాగిని నాలోంచి ఎవరూ తీయలేదు. నాకు ఏడుపు రానిది అందుకే.

ఆవిడ అబద్ధమాడిందని నేననను. ఆమె కొలిచిన రోజున గుంట ఎండే ఉంది. కానీ పండగ పొద్దున తిరుపతమ్మ బిందెల కొద్దీ నీళ్ళతో నేల కడిగింది కదా, ఆ నీళ్ళన్నీ తూములోంచి వెళ్ళి గోడవతల ఆ గుంటలోనే నిండాయి. ఆ ఒక్క పూటా దారి తెరుచుకునే ఉంది. మోటారు తిరగ్గానే కరెంటు భూమిలోకి దూకింది, నా మీదుగా వరదలా వచ్చింది. నొప్పి తెలియకపోయినా, ఎంత వచ్చిందో నాకు తెలుసు. అప్పటికింకా ఆమె చెయ్యి తొట్టి మీద పడలేదు. సన్న తీగ ఉంటే అక్కడే, అప్పుడే తెగిపోయేది. పండగపూట ఫీజు పోయిందని ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉండేది.

ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. నాకు నోరు లేదు. లేకపోవడమే మంచిదైంది. పేరయ్య ఇంకా ఆ మరలోనే బతకాలి.